ఎవరి కోసమూ కాని కరాటే

కరాటే నేర్చుకుంటున్నానని చెబితే మగవాళ్ళు నవ్వుతారు. "అమ్మో, ఇక మీతో జాగ్రత్తగా వుండాలి" అంటారు. ఆడవాళ్ళు నవ్వరు. "మంచి పని చేస్తున్నావు, రోజులు బాగాలేవు" అంటారు. ఆరేళ్ళుగా ఈ రెండు మాటలు తప్ప మూడో మాట దాదాపు వినలేదు. విని విని చివరికి రెండూ ఒకటే మాట అనిపించింది. నా కరాటేకి ఎదురుగా ఒక మగవాడు నిలబడి వుండాలి, అప్పుడే దానికో అర్థం. అతను ఆఫీసు గదిలో హాస్యానికి నిలబడినా సరే, సందు చివర చీకట్లో నిలబడినా సరే.

నాతో పనిచేసే ఒకాయన నలభయ్యో ఏట గిటార్ మొదలుపెట్టాడు. ఇంకొకాయన తెల్లవారుజామున షటిల్ ఆడతాడు. ఎందుకని వాళ్ళనెవరూ అడగరు. సరదా. మగవాడి సరదాకి సంజాయిషీ అక్కర్లేదు. ముప్పై దాటిన ఆడది సాయంత్రం పూట గంటన్నర ఇల్లు వదిలి, పిల్లల మధ్య నిలబడి గాలిని గుద్దాలంటే మాత్రం గట్టి కారణం వుండాలి. భయం గట్టి కారణం. భయపడుతున్నానంటే వెంటనే అనుమతి దొరుకుతుంది. ఇష్టం అంటే అవతలి మొహంలో చిన్న అయోమయం కనపడుతుంది. మా అమ్మ అయితే "ఇష్టమైతే సంగీతం నేర్చుకోవచ్చుగా" అంది.

2012 డిసెంబరులో ఢిల్లీలో ఆ ఘోరం జరిగాక దేశమంతటా ఆడపిల్లలకి ఆత్మరక్షణ శిక్షణ అన్నారు. ఇప్పుడు సమగ్ర శిక్ష కింద, రాణీ లక్ష్మీబాయి పేరుతో, ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి 3 నెలల శిక్షణ వుంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దారుణం తర్వాత నేను పనిచేసే చోట కూడా రెండు రోజుల శిబిరం పెట్టారు. అమ్మాయిలందరూ తప్పనిసరిగా రావాలన్నారు. అబ్బాయిలకి ఆ రెండు రోజులూ సెలవు. హాజరు పట్టీ పట్టుకుని అమ్మాయిల పేర్లు పిలిచింది నేనే కాబట్టి ఆ సెలవు సంగతి నాకు బాగా గుర్తుంది.

శిబిరాలు వద్దనడం లేదు. చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో పదమూడేళ్ళ పిల్లకి తెలియడం మంచిదే. కాని 3 నెలల్లో కరాటేలో సరిగ్గా నిలబడడం కూడా రాదు. ఆ పిల్లకి వచ్చేదల్లా, నీ శరీరం మీద ఎప్పుడో ఒకప్పుడు దాడి జరుగుతుంది, అప్పుడు దాన్ని కాపాడుకునే బాధ్యత నీదే అన్న పాఠం. ఈ పాఠం మనకి కొత్తా? చున్నీ సర్దుకోమన్నప్పటి నుంచీ ఇదే కదా. చున్నీ బదులు మోచెయ్యి వచ్చింది, అంతే తేడా.

నా సంగతి చెప్పాలంటే, ఇన్నేళ్ళ సాధన తర్వాత కూడా రాత్రి 10 దాటాక ఆటో ఎక్కితే బండి నంబరు మా చెల్లికి మెసేజ్ పెడతాను. కరాటే నాకు ఆ భయం తీర్చలేదు. అది తీర్చే పని కరాటేది కాదు కూడా. వీధి దీపాలది, బస్సులది, పోలీసులది, అబ్బాయిల్ని పెంచే తల్లిదండ్రులది. ఆ పనంతా ఆడపిల్ల పిడికిలికి అప్పగించి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు.

మరి ఎందుకు చేస్తున్నానో చెప్పాలంటే క్లాసు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నేను చేరింది ఒక స్కూలు ఆవరణలో సాయంత్రాలు జరిగే షోటోకాన్ క్లాసు. ముప్పై మంది పిల్లలు, నేను. మొదటి రోజు మాస్టర్ నన్ను ఎవరో పిల్లవాడి తల్లి అనుకుని గోడవారనున్న కుర్చీ చూపించారు. ఆ కుర్చీల్లో నిజంగానే తల్లులు కూర్చునేవాళ్ళు, ఒళ్ళో టిఫిన్ డబ్బాలతో, వాటర్ బాటిళ్ళతో. వాళ్ళల్లో సగం మంది నాకంటే చిన్నవాళ్ళు. నేను తెల్ల బెల్టు కట్టుకుని చివరి వరసలో నిలబడ్డాను. నాకంటే రెండు బెల్టులు పైనున్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు నాకు తోడు. "ఆంటీ, మీ వెనక మడమ లేస్తోంది" అని చెప్పేవాడు. నిజమే, లేచేది. డాక్టరేటు సంపాదించాక నా పొరపాటు ఇంత సూటిగా, ఇంత మర్యాదగా చెప్పినవాళ్ళు లేరు.

గుద్దు సంగతి ఇంకా కష్టమైంది. నేను గుద్దుతుంటే మాస్టర్ ఆపి, "చేత్తో కాదు మేడమ్, నడుముతో కొట్టండి" అన్నారు. నాకర్థం కాలేదు. తర్వాత విడమర్చి చూపించారు. వెనక కాలి మడమ నేలని తొయ్యాలి. ఆ తోపు మోకాలి మీదుగా తుంటిలోకి రావాలి. తుంటి తిరగాలి. ఒక చెయ్యి ముందుకు వెళ్తుంటే రెండోది అంతే వేగంగా వెనక్కి, నడుం పక్కకి రావాలి. పిడికిలి చివరి క్షణంలో మాత్రమే బిగియాలి. పిడికిలి దాకా వచ్చేది అంతకు ముందే కింద తయారై వుంటుంది. జపనీయులు దాన్ని కోషి అంటారు. నడుమూ తుంటీ కలిసిన చోటుకి వాళ్ళకి ఒకటే మాట.

ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అని ఒక వ్యాసం రాసింది. ఆడపిల్లలు బంతి విసిరేటప్పుడు శరీరమంతా వాడరు, చెయ్యి ఒక్కటే కదులుతుంది, ఎందుకని? ఎముకల్లో, కండరాల్లో వున్న తేడా కాదు, పెంపకంలో వున్న తేడా అంటుంది యంగ్. చెయ్యగలను అన్న నమ్మకం పక్కనే చెయ్యలేనేమో అన్న సంకోచం కూడా ఒంట్లో వుంటుంది. తన శరీరంతో పని చేస్తూనే ఆ శరీరాన్ని ఎవరో చూస్తున్నట్టు తానూ బయటి నుంచి చూసుకుంటుంది. చుట్టూ ఎంత చోటున్నా తనకని ఒక చిన్న వలయం గీసుకుని అందులోనే కదులుతుంది. పిహెచ్.డి. రోజుల్లో ఈ వ్యాసాన్ని సెమినార్ పేపర్‌లో వాడుకున్నాను కూడా. అప్పుడది ఒక వాదన. క్లాసులో మాస్టర్ నా భుజం మీద కర్ర ముక్క ఆనించి "ఇది లేవకూడదు" అన్నప్పుడు మాత్రం, ఆ వ్యాసం నా కుడి భుజంలో వుందని తెలిసింది.

నేను చదువుకున్న సాహిత్యంలో నడుముకి చాలా చరిత్ర వుంది. ప్రబంధ కవులకి నాయిక నడుము ఒక పెద్ద సందేహం. వుందా, లేదా? ఆకాశమా, శూన్యమా? లేదనడమే ఆ వర్ణనకి పరాకాష్ఠ. వాడుక భాషలో నడుము ఇంకోలా వుంటుంది. నడుం వంచి పనిచేస్తాం, చేసి చేసి నడుం విరుగుతుంది, కాసేపు నడుం వాలుస్తాం. నడుం బిగించడం ఒక్కటే కాస్త గర్వంగా వినపడే మాట, అది ఎక్కువగా ఉపన్యాసాల్లోనే వింటాం. కవులు లేదన్నదీ, అత్తవారిళ్ళలో విరిగిపోయేదీ అయిన ఈ భాగంలోంచి బలం పుడుతుందని, అక్కడి నుంచి అది చేతిలోకి నడిచి వస్తుందని నాకు ముప్పయ్యొకటో ఏట తెలిసింది. ఒక రోజు ఏదో ఒక గుద్దు సరిగ్గా కుదిరింది. తెల్ల దుస్తుల చెయ్యి ఫట్‌మని చప్పుడు చేసింది. ఎవరినీ కొట్టలేదు. ఎదురుగా ఎవరూ లేరు. ఆ చప్పుడు కోసం మళ్ళీ 200 సార్లు గుద్దాను, రాలేదు. వారం తర్వాత వచ్చింది. అసలు కారణమంటూ వుంటే ఇదే.

తెల్ల దుస్తుల గురించి ఇంకొక మాట, మగవాళ్ళు రాసిన కరాటే పుస్తకాల్లో నాకు ఎదురుపడని మాట. నెలకి నాలుగు రోజులు ఆ తెలుపు ఒక బెంగ. క్లాసులో పదమూడు, పద్నాలుగేళ్ళ అమ్మాయిలు నెలలో కొన్ని రోజులు మానేసేవాళ్ళు, ఆ తర్వాత మొత్తానికే మానేసేవాళ్ళు. చదువు ఒత్తిడి అనేవారు తల్లిదండ్రులు. లోపల నల్ల లెగ్గింగ్ వేసుకోవచ్చని ఒకమ్మాయికి చెప్పాను, ఇంకో ఏడాది వచ్చింది.

మన స్త్రీవాద సాహిత్యం శరీరం గురించి మాట్లాడలేదని ఎవరూ అనలేరు. జయప్రభ 'చూపులు', కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', విమల 'వంటిల్లు'. 1993లో 'నీలిమేఘాలు' వచ్చేనాటికే ఆ గొంతులన్నీ వున్నాయి. ఆ కవితలు లేకపోతే నాలాంటివాళ్ళకి మాట్లాడే భాషే లేదు. అయితే ఆ శరీరం ఎక్కువగా నొప్పి పడే శరీరం, చాకిరీ చేసే శరీరం, ఇంకొకరు చూసే శరీరం. చరిత్ర అలా వుంది కాబట్టి కవిత్వమూ అలా వచ్చింది. చెమటపట్టి, అలిసి, ఊరికే సంతోషపడే ఆడశరీరం మన పేజీల్లో చాలా తక్కువ. చలం 'స్త్రీ'లో స్త్రీ శరీరం గురించీ, మెదడు గురించీ, హృదయం గురించీ చెప్పిన మాట సభల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. జ్ఞానం దగ్గర ఆగి మాట్లాడతాం, అనుభవం దగ్గర ఆగి పోట్లాడుకుంటాం. ఆ మాటలో అన్నిటికంటే ముందున్నది వ్యాయామం. దాని దగ్గర ఎవరూ ఆగగా చూడలేదు. అది డ్రిల్లు మాస్టారి వ్యవహారం అనుకుంటాం కాబోలు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి క్లాసు ఆగిపోయింది. తిరిగి మొదలయ్యేనాటికి నా పని వేళలు మారాయి. అప్పటి నుంచీ దాదాపు ఒంటరిగానే చేస్తున్నాను, పొద్దున్నే, మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద. నెలకో ఆదివారం మాస్టర్ దగ్గరికి వెళ్ళి దిద్దించుకుంటాను. ఒంటరిగా చెయ్యగలిగింది కతా. పేరు విని మొదట్లో నవ్వొచ్చింది గాని, మన కథకీ దానికీ చుట్టరికం లేదు. కతా అంటే రూపం, అచ్చు. కట్టుబాటున్న వరసలో అడుగులు, దెబ్బలు, కాచుకోవడాలు, అన్నీ ఎదుట లేని మనుషులతో. మొదటి కతా హెయాన్ షోదాన్‌లో 21 కదలికలు. ఎడమకి తిరిగి కాచుకోవడంతో మొదలై, తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. రెండు చోట్ల గట్టిగా అరవాలి.

కతాలో నాకు చాలా కాలం పట్టిన విషయం చూపు. తిరిగే ముందు తల తిరగాలి. ముందు చూపు, తర్వాత అడుగు. తలవంచుకుని నడవమని పెంచిన మెడ ఇది. టెర్రస్ మీద నా మెడ కంటే ముందు కాళ్ళే తిరిగేసేవి, అటు ఎవరున్నారో చూడడం నా పని కాదన్నట్టు. అద్దం లేదు, మాస్టర్ లేరు, తొమ్మిదేళ్ళ పిల్లవాడు లేడు. ఎవరూ చూడనప్పుడు నా శరీరం నాకు లోపలి నుంచి తెలియడం మొదలైంది. మడమ లేస్తే ఇప్పుడు పిక్క చెబుతుంది. ఎవరూ చూడనప్పుడు అనడం పూర్తి నిజం కాదులెండి, ఎదుటి బ్లాకులో మూడు బాల్కనీలున్నాయి. కొన్నాళ్ళు చూశారు, తర్వాత వాళ్ళకే విసుగు పుట్టింది.

షోటోకాన్‌కి మూలపురుషుడు గిచిన్ ఫునకోషి. ఒకినావాలో బడిపంతులు. 1957లో పోయాడు. ఆయన ఆత్మకథ ఇంగ్లీషు అనువాదం 1975లో వచ్చింది, 'కరాటే-డో: మై వే ఆఫ్ లైఫ్'. అందులో రాత్రివేళ లాంతరు పట్టుకుని గురువు అజాటో ఇంటికి నడిచి వెళ్ళి, పెరట్లో ఒకే కతాని నెలల తరబడి చేసిన సంగతులు చెబుతాడు. తెల్లవారుజామున ఇల్లు చేరుతుంటే, ఇతను వేశ్యల దగ్గరికి వెళ్ళొస్తున్నాడని ఇరుగుపొరుగు అనుకున్నారట. ఆయనకది తర్వాత చెప్పుకుని నవ్వుకునే సంగతి. తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు అని మనకి సామెతే వుంది కాబట్టి నాకు అంత నవ్వు రాలేదు.

ఆ పుస్తకంలో భార్యకి దక్కింది కొద్ది పేజీలే. ఆయన జీతం చాలదు. ఆమె రాత్రి పొద్దుపోయేదాకా కసూరి అనే బట్ట నేసేది. తెల్లవారకుండా లేచి, దూరాన వున్న చిన్న మడికి నడిచి వెళ్ళి కూరగాయలు పండించేది. ఇంతా చేసి, ఒళ్ళు అలిసినప్పుడు పడుకోవడానికో, ఒళ్ళు పట్టించుకోవడానికో బదులు బయటికి వెళ్ళి కరాటే చేసేదట. చేసి చేసి నిపుణులతో సమానంగా కదిలేదని ఫునకోషే ఒప్పుకుంటాడు. తాగి కొట్టుకునేవాళ్ళ మధ్యకి వెళ్ళి మాటలతోనే సర్దిచెప్పేదట. 1922లో ఆయన కరాటే ప్రదర్శనకి టోక్యో వెళ్ళి అక్కడే వుండిపోయాడు. ఆమె పెద్దల సమాధుల బాధ్యత వదలలేక ఒకినావాలోనే ఏళ్ళ తరబడి వుండిపోయింది. 1947లో చనిపోయింది.

ఫునకోషి ఆమె గురించి ఎంతో కృతజ్ఞతగా రాశాడు. మంచి ఇల్లాలు, కష్టపడే తల్లి. కాని ఆ పేజీలు చదువుతూ నేను ఆగిపోయింది నడుం వాల్చే బదులు పెరట్లోకి నడిచిన ఆ ఒక్క చోట. ఆమెకి బెల్టు లేదు, శిష్యులు లేరు. ఎవరి నుంచి కాపాడుకోవడానికీ కాదు. మగ్గానికీ మడికీ ఇవ్వగా మిగిలిన శరీరాన్ని ఆమె ఏం చేసింది? విశ్రాంతికి కూడా ఇవ్వకుండా తనకి ఇచ్చుకుంది. నేను ఆ వాక్యాల్ని ఎక్కువ చేసి చదువుతున్నానని సహ పరిశోధకులు అనవచ్చు. మగవాళ్ళ ఆత్మకథల్లో భార్యల్ని వెతుక్కునేవాళ్ళం కొద్దిగా ఎక్కువ చేసి చదవక తప్పదు.

ఇక అరుపు. కియాయ్ గొంతులోంచి కాదు, పొత్తికడుపులోంచి రావాలి. క్లాసులో పిల్లలు ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాళ్ళు. నేను చాలా నెలలు నోరు మాత్రం తెరిచేదాన్ని. క్లాసులో 40 మంది విద్యార్థులకి మైకు లేకుండా పాఠం చెప్పే గొంతు నాది, అయినా మాటలు లేని అరుపు రాలేదు. మాట వుంటే దాని వెనక దాక్కోవచ్చు. ఒట్టి అరుపులో దాక్కోవడానికేమీ లేదు. టెర్రస్ మీదే, ఒక వానాకాలం పొద్దున, మొదటిసారి పూర్తిగా వచ్చింది. ట్యాంకు మీద పావురాలు లేచిపోయాయి.

నాలుగు రోజులకి అసోసియేషన్ సెక్రటరీగారు లిఫ్ట్ దగ్గర ఆపారు. మా టెర్రస్ మీద పిల్లలు క్రికెట్ ఆడతారు, సంక్రాంతికి మైకు పెడతారు, ఒకాయన రోజూ ఫోన్లో స్పీకర్ పెట్టి వ్యాపారం మాట్లాడతారు. ఫిర్యాదు నా రెండు అరుపుల మీద. "మేడమ్, ఆడమనిషి అరుపు వినపడితే ఏదో జరిగిందనుకుంటారు కదండీ" అన్నారాయన, చాలా మర్యాదగానే. "మరి ఏదో జరిగిందనుకుని ఎవరైనా పైకి వచ్చారాండీ?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, లేదన్నారు.

6 గంటలు దాటాక అయితే అభ్యంతరం లేదని ఒప్పందానికి వచ్చాం. 6 దాటాక అరుస్తున్నాను.

ఈ వయసులో ఎందుకు అనేవాళ్ళకి నేను చెప్పే పేరు ఒకటుంది. ఒలింపిక్స్‌లో కరాటే ఒక్కసారే ఆడారు, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో. ఆడవాళ్ళ కతాలో బంగారు పతకం స్పెయిన్‌కి చెందిన సాండ్రా శాంచెజ్‌ది. అప్పటికి ఆమెకి 39 ఏళ్ళు. 2024 పారిస్ క్రీడల్లో అసలు కరాటే లేదు. ఆమెతో నన్ను పోల్చుకోవడం కాదు, నా మోకాళ్ళు నాకు తెలుసు. కాని ఒక స్త్రీ, ముప్పైల చివర్లో, ప్రత్యర్థి లేని ఖాళీ చాప మీద ఒక్కతే నిలబడి, ఎవరినీ కొట్టకుండా గెలిచిందన్నది నాకు ఇష్టమైన సంగతి.

ఇప్పుడు నేను టెక్కి షోదాన్ మీద వున్నాను. ఫునకోషి మూడు టెక్కిలకి పదేళ్ళు పెట్టాడట, కాబట్టి తొందర లేదు. కతా మొత్తం గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, ఒకే గీత మీద పక్కకి జరుగుతూ చెయ్యాలి. ముందుకీ వెనక్కీ పోదు. చోటు తక్కువున్నవాళ్ళకి అనువైన కతా. వాన పడితే టెర్రస్ మెట్ల దగ్గర, వాషింగ్ మెషిన్‌కీ గోడకీ మధ్య చేసుకోవచ్చు. అయితే తొడలు మండిపోతాయి.

మూడో అంతస్తు పెద్దావిడ బట్టలు ఆరేయడానికి పైకి వస్తారు. అరవై దాటాయి. నెల రోజులు ఏమీ అనకుండా చూశారు. మొన్న బకెట్టు కింద పెట్టి, "ఏం చేస్తున్నావమ్మా, కదలకుండా అలా కూర్చుని?" అన్నారు. కూర్చోలేదండీ, నిలబడ్డాను అన్నాను. పిట్టగోడ పట్టుకుని తానూ కాళ్ళు ఎడం చేశారు. చీర అడ్డం వస్తే కుచ్చిళ్ళు పైకి లాగి, కొంగు నడుముకి దోపుకున్నారు. నేను చెప్పకుండానే మోకాళ్ళు సరిగ్గా బయటికి వంచారు. మా వూళ్ళో బావి దగ్గర నీళ్ళు తోడేటప్పుడు ఇలాగే నిలబడేవాళ్ళమన్నారు. ఆ రోజు ఆవిడ 40 లెక్కపెట్టేదాకా నిలబడ్డారు. నా తొడలు 35 దగ్గరే వణకడం మొదలుపెట్టాయి.